వంటింట్లో అరటిపండులోంచి డీఎన్ఏ తీయడం ఎలా?

డీఎన్ఏ (తల్లిదండ్రుల నుంచి పిల్లలకి లక్షణాలు మోసుకొచ్చే, కణాల్లో ఉండే పదార్థం) అనగానే పెద్ద ల్యాబ్ ఉండాలి అనుకుంటాం గానీ అసలు అది మొదట దొరికిందే ఒక పాత వంటగదిలో. జర్మనీలో ట్యూబింగెన్ కోట వంటగదిని ల్యాబ్‌గా మార్చేశారు, 1869లో అక్కడ ఫ్రెడ్రిక్ మీషర్ అనే పాతికేళ్ళ కుర్రాడు ఆస్పత్రి నుంచి వచ్చిన చీము కట్లు కడిగి ఆ కణాల్లోంచి దీన్ని పట్టాడు. మనకి అంత కష్టం వద్దు, బాగా ముగ్గిన అరటిపండు చాలు.

ముందే మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చి, మూత బిగించి ఐసు నీళ్ళ గిన్నెలో అరగంట ఉంచండి. స్టవ్ దగ్గర మాత్రం పెట్టొద్దు, భగ్గుమంటుంది.

1. సగం పండు కవర్లో వేసి చేత్తో మెత్తగా పిసకండి. మిక్సీ వద్దు, పోగులు తెగిపోతాయి.

2. అర గ్లాసు నీళ్ళలో అర స్పూను ఉప్పు, రెండు స్పూన్లు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి నురగ రాకుండా కలిపి పండులో పోయండి, పది నిమిషాలు వదిలేయండి. కణం చుట్టూ ఉండే పొరలో కొవ్వుంటుంది కదా, జిడ్డు గిన్నె వదిలినట్టే అదీ వదిలిపోతుంది. ఉప్పేమో డీఎన్ఏ పోగులు ఒకదాన్నొకటి నెట్టేసుకోకుండా దగ్గరికి చేరనిస్తుంది.

3. పల్చటి గుడ్డలో ఒక గ్లాసులోకి వడకట్టండి. తొందరపడి పిండేయకండి.

4. గ్లాసు వాల్చి, అంచు వెంట ఆల్కహాల్ మెల్లగా జార్చండి, అది పైన తేలాలి, కలిసిపోతే పని చెడినట్టే. ఇక కదపొద్దు.

5. కాసేపటికి మధ్యలో తెల్లటి దారాలు లేస్తాయి, చీపురుపుల్లకి చుట్టి తీయండి.

నిజం చెప్పాలంటే అదంతా డీఎన్ఏ కాదు, అరటిపండులో ఉండే పెక్టిన్ అనే జిగురు పదార్థం కూడా కొంత కలిసుంటుంది. ఒక్క పోగు మందం 2 నానోమీటర్లే, కంటికి ఆనదు, కోట్ల పోగులు చిక్కుపడితేనే ఇలా కనిపిస్తుంది. న్యూయార్క్‌లో శాస్త్రవేత్త ఆస్వాల్డ్ ఏవరీ బృందం కూడా ఆల్కహాల్ పోసి ఇలాంటి దారాలే తీసింది, న్యుమోనియా బ్యాక్టీరియా గుణాన్ని మార్చేది డీఎన్ఏనేనని 1944లో చూపించింది, అంటే మీషర్ చేతికి దొరికాక 75 ఏళ్ళకి! డీఎన్ఏది మెలికల నిచ్చెన ఆకారమని 1953లో తేలింది, దానికి రోజలిండ్ ఫ్రాంక్లిన్ ల్యాబ్‌లో తీసిన ఎక్స్‌రే ఫోటో చాలా సాయపడింది, పేరు మాత్రం ఆ ఆకారాన్ని ప్రకటించిన వాట్సన్, క్రిక్‌లకే ఎక్కువ వచ్చింది. మనిషి జీనోమ్ (అంటే మొత్తం డీఎన్ఏలోని సమాచారం) 2003లో చదివేశాం అన్నారు గానీ దాదాపు 8 శాతం మిగిలిపోయింది, అది 2022కి గానీ పూర్తవలేదు. మొత్తం జీనోమ్‌లో ప్రొటీన్లు చేసే భాగం 2 శాతం లోపే, మిగతాదాంట్లో ఏది ఏం చేస్తుందో ఇంకా తవ్వుతూనే ఉన్నారు.

దారాలు రాలేదా? ఆల్కహాల్ సరిగా చల్లబడి ఉండదు, మళ్ళీ చేయండి. వస్తే చిన్న సీసాలో అదే ఆల్కహాల్ పోసి దాచుకోవచ్చు, పిల్లలకి అందకుండా.