యూట్యూబ్ బ్యానర్: ఫోన్‌లో పేరు తెగి, డెస్క్‌టాప్‌లో తల పోయి... తేడా ఎక్కడ?

ఛానల్ పేజీ పైన అడ్డంగా పరుచుకునే బొమ్మే బ్యానర్. లాప్‌టాప్‌లో చూసుకుంటే అది బ్రహ్మాండంగా ఉంటుంది. అదే ఫోన్‌లో తెరిస్తే ఛానల్ పేరులో మొదటి అక్షరమూ చివరి అక్షరమూ మాయం. టీవీలో పెడితే నడుమ ఓ పట్టీ, పైనా కిందా తెల్లటి ఖాళీ. ఈ ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఒక్కటే. మనం ఎక్కించేది ఒకే బొమ్మ. యూట్యూబ్ దాన్ని నాలుగు కిటికీల్లోంచి చూపిస్తుంది. ఏ కిటికీ ఎంత ఉందో తెలియకుండా డిజైన్ మొదలుపెడితే ఎక్కడో ఒకచోట తెగక తప్పదు.

బొమ్మ మొత్తం 2560 × 1440 పిక్సెల్స్. టీవీకి ఇదంతా వాడుకుంటుంది. డెస్క్‌టాప్‌కి నడిమధ్య నుంచి 2560 × 423 పట్టీ, టాబ్లెట్‌కి 1855 × 423, ఫోన్‌కి 1546 × 423. ఎత్తులో 1440 ఉంటే టీవీ తప్ప మిగతావన్నీ చూపించేది 423 మాత్రమే, అంటే మూడో వంతు కూడా కాదు. అన్ని తెరల మీదా తప్పకుండా కనిపించేది ఆ 1546 × 423 ముక్క ఒక్కటే. దాన్నే సేఫ్ ఏరియా అంటారు. పేరు, లోగో, ముఖం అన్నీ అందులోనే సర్దుకోవాలి. బయట ఉన్నదంతా నేపథ్యమే.

ఫోన్‌లో పేరు రెండు చివరలా తెగుతోంది

కారణం: అక్షరాలు సేఫ్ ఏరియా దాటాయి. డెస్క్‌టాప్‌లో పూర్తి వెడల్పు కనిపిస్తుంది కాబట్టి అక్కడ చూసి సరిపెట్టుకుంటే ఈ తప్పు పట్టుబడదు.

2560 × 1440 కాన్వాస్ మీద గైడ్ గీతలు (హద్దు తెలియడానికి వేసుకునేవి, బొమ్మలో రావు) వేసుకోండి. ఎడమ అంచు నుంచి లెక్కపెట్టి నిలువు గీతలు 507 దగ్గర ఒకటి, 2053 దగ్గర ఒకటి. పై అంచు నుంచి అడ్డ గీతలు 508 దగ్గర, 931 దగ్గర. ఈ నాలుగింటి మధ్య ఉన్నదే సేఫ్ ఏరియా. టాబ్లెట్ హద్దు కూడా కావాలంటే 352, 2207 దగ్గర ఇంకో రెండు నిలువు గీతలు. గైడ్లు లేని యాప్ అయితే 1546 × 423 కొలతతో ఓ ఎర్ర దీర్ఘచతురస్రం చేసి, కాన్వాస్ నడిమధ్యన పెట్టి, పని అయ్యాక తీసేయండి. తీయడం మర్చిపోయి ఎర్ర డబ్బాతో సహా పబ్లిష్ చేసినవాళ్లూ లేకపోలేదు.

గీతల అంచు దాకా అక్షరాలు తోయకండి. ఇప్పుడు బ్యానర్ మూలలు గుండ్రంగా కోసి చూపిస్తున్నారు, తెరను బట్టి కోతలో కొద్దిగా తేడా కూడా వస్తుంది. నాలుగు వైపులా 30-40 పిక్సెల్స్ లోపలికి జరగడం మంచిది.

ఇక్కడే ఇంకో తికమక ఉంది. యూట్యూబ్ కనీస కొలతగా చెప్పే 2048 × 1152 కాన్వాస్ తీసుకుంటే దాని సేఫ్ ఏరియా 1235 × 338. కాన్వాస్ దీన్ని తీసుకుని, లోపలి డబ్బా మాత్రం 1546 వెడల్పుతో గీస్తే ఫోన్‌లో అటు 155, ఇటు 155 పిక్సెల్స్ తెగిపోతాయి. నెట్‌లో దొరికే టెంప్లేట్లలో రెండు కొలతలూ కలగలిసి ఉంటాయి కాబట్టి ముందు కాన్వాస్ ఎంతో చూసుకుని, దానికి తగ్గ డబ్బానే వాడండి.

డెస్క్‌టాప్‌లో ముఖం లేదు, చొక్కా గుండీలే కనిపిస్తున్నాయి

ఇది ఫ్లెక్సీ అలవాటు. నాలుగు రోడ్ల కూడలిలో కట్టే ఫ్లెక్సీలో నిలువెత్తు ఫోటో నప్పుతుంది. బ్యానర్‌లో అదే పెడితే 1440 ఎత్తున్న మనిషిలో నడిమి 423 మాత్రమే మిగులుతుంది, అది సరిగ్గా పొట్ట దగ్గర పడుతుంది. ఫోటో తల నుంచి భుజాల వరకే కత్తిరించి, ముఖం 330-350 పిక్సెల్స్ ఎత్తు మించకుండా అడ్డ గీతల మధ్యకు తీసుకురండి. భుజాల కింది భాగం 931 గీత దాటి కిందికి సాగినా ఫర్వాలేదు, టీవీలో అతుకు కనిపించకుండా ఉంటుంది. నలుగురి ముఖాలు పెట్టాలనుకుంటే మాత్రం ఇంకోసారి ఆలోచించండి. ఫోన్‌లో ఒక్కొక్కరూ శనగగింజంత అవుతారు.

టీవీలో సన్నటి పట్టీ, పైనా కిందా తెలుపు

కారణం: 2560 × 423 పట్టీ మాత్రమే తయారుచేసి తెల్ల కాన్వాస్ మీద అతికించారు. ఫోన్‌లో, డెస్క్‌టాప్‌లో తేడా తెలియదు, టీవీలో గుట్టు బయటపడుతుంది. నేపథ్యాన్ని 1440 ఎత్తు మొత్తానికి పరచాలి. ఫోటో అంత ఎత్తు లేకపోతే, దాని కాపీనే పెద్దది చేసి అడుగున వేసి, గాసియన్ బ్లర్ (బొమ్మను మసక చేసే ఎఫెక్ట్) 40 నుంచి 60 పిక్సెల్స్ ఇవ్వండి. అంచులు కలిసిపోతాయి. పైనా కిందా మిగిలిన చోటు చూసి ఫోన్ నంబరు, లింకులు రాయాలనిపిస్తుంది. అవి టీవీలో తప్ప ఎక్కడా రావు.

నేపథ్యం లేకుండా పారదర్శకంగా వదిలేసిన పీఎన్‌జీ కూడా ఎక్కించవద్దు. ఖాళీ చోట ఏ రంగు పడుతుందో మన చేతిలో ఉండదు.

తెలుగు అక్షరాలు విడిపోతున్నాయి

ఇంగ్లిష్ బ్యానర్ల వాళ్లకు లేని బాధ ఇది. ఛానల్ పేరు ‘వేపచెట్టు ముచ్చట్లు’ అనుకుందాం. టైప్ చేస్తే ‘వేపచెట్‌టు ముచ్‌చట్‌లు’ అని పొల్లులతో వస్తుంది. ఫాంట్ చెడిపోయిందనుకుని పది ఫాంట్లు మారుస్తారు. చాలాసార్లు తప్పు ఫాంట్‌ది కాదు, అక్షరాలను కూర్చే ఇంజిన్‌ది. వత్తును తెచ్చి అక్షరం కింద పెట్టే పని సాఫ్ట్‌వేర్ చేయాలి. అది చేయకపోతే పొల్లు అలాగే మిగిలిపోతుంది.

ఫోటోషాప్ పాత వెర్షన్లలో ఎడిట్, ప్రిఫరెన్సెస్, టైప్‌లోకి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్ కింద ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ లేదా ‘వరల్డ్ రెడీ లేఔట్’ ఎంచుకోండి. తర్వాత ఫోటోషాప్ మూసి, ఫైల్ మళ్లీ తెరవండి. అప్పటికీ పాత లేయర్ మారకపోతే ఆ అక్షరాలు ఎంచుకుని, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఔట్ పెట్టండి.

రెండో కారణం అక్షరాల మధ్య ఎడం. పేరు విశాలంగా కనిపించాలని లెటర్ స్పేసింగ్ పెంచితే కొన్ని యాప్‌లలో గుణింతాలూ వత్తులూ చోటు తప్పుతాయి. తెలుగుకు దాన్ని సున్నా దగ్గరే ఉంచండి. వెడల్పు కావాలంటే అక్షరం సైజు పెంచండి.

మూడోది అను ఫాంట్ల వ్యవహారం. డీటీపీ సెంటర్‌లో అనులో టైప్ చేసిన పేరును కాపీ చేసి మీ యాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి. అది యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదు, ఆ ఫాంట్ లేని చోట దానికి అర్థం లేదు. పేరును ఫోన్ కీబోర్డుతోనే యూనికోడ్‌లో కొట్టి రామభద్ర, మండలి, ఎన్టీఆర్, సూరన్న, బాలూ తమ్ముడు, నోటో సాన్స్ తెలుగు లాంటివి వాడండి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. బ్యానర్ పేరుకు రామభద్ర లాంటి బొద్దు ఫాంట్ నిలుస్తుంది. సన్న గీతల ఫాంట్ ఏదైనా ఫోన్‌లో వెంట్రుకలా పోతుంది. అను అక్షరాల సొగసే కావాలంటే, డిజైనర్‌నే టెక్స్ట్‌ను షేప్‌గా మార్చి ఇవ్వమనండి. అప్పుడు మీ కంప్యూటర్‌లో ఫాంట్ లేకపోయినా చెదరదు.

పేరు కనిపిస్తోంది కానీ ట్యాగ్‌లైన్ చదవలేకపోతున్నాం

ఫోన్ తెర వెడల్పు సుమారు 7 సెంటీమీటర్లు. 1546 పిక్సెల్స్ అందులో ఇరుక్కుంటాయి, అంటే 100 పిక్సెల్స్‌కి దక్కేది నాలుగున్నర మిల్లీమీటర్లు. తెలుగు ఫాంట్లలో అసలు అక్షరం ఎత్తు ఇచ్చిన సైజులో దాదాపు సగమే, మిగతాది గుడులకూ వత్తులకూ పోతుంది. 40 సైజులో రాసిన ట్యాగ్‌లైన్ ఫోన్‌లో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

మన వేపచెట్టునే తీసుకుందాం. పేరులో ఏడు అక్షరాలు, నడుమ ఒక ఖాళీ. 1400 పిక్సెల్స్ వెడల్పులో ఒక్కో అక్షరానికి 185 దాకా దక్కుతుంది కాబట్టి ఫాంట్ సైజు 170 పిక్సెల్స్ దగ్గర మొదలుపెట్టొచ్చు. పైన ‘వే’ మీది గుర్తు, కింద ‘ట్టు’ వత్తు కలిపి ఈ వరస 230-250 ఎత్తు తింటుంది. మిగిలిన చోట ‘ప్రతి శుక్రవారం రాత్రి 7కి’ లాంటి చిన్న మాట 70 సైజులో ఒక వరస పడుతుంది. అంతే, మూడో వరసకు చోటు లేదు. ఇంగ్లిష్ టెంప్లేట్‌లో మూడు వరసలు చక్కగా కూర్చున్నాయని తెలుగు పోస్తే, పై వరస వత్తులు కింది వరస తలకట్లకు గుచ్చుకుంటాయి. వరసల మధ్య లైన్ హైట్ 1.4 కంటే తగ్గించకండి. వత్తు అడుగు 931 గీతకు 30 పిక్సెల్స్ పైనే ఆగాలి.

పబ్లిష్ చేయకముందే పరీక్షించే తేలిక దారి: 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ లాప్‌టాప్‌లో, డిస్‌ప్లే స్కేల్ 100 శాతం ఉంటే, బొమ్మను 25 శాతం జూమ్‌లో చూడండి. సేఫ్ ఏరియా సుమారు 7 సెంటీమీటర్లు అవుతుంది, దాదాపు ఫోన్‌లో కనిపించేంతే. చదవడానికి ముందుకు వంగాల్సి వస్తే సైజు చాలనట్టే.

మసకగా ఉంది

1280 × 720 థంబ్‌నెయిల్‌ను బ్యానర్‌గా సాగదీస్తే ఒక్కో పిక్సెల్ నాలుగు పిక్సెళ్లుగా పరుచుకుంటుంది, మసక రాక ఏమవుతుంది? సాగదీసినదాన్ని షార్పెన్ చేసినా లాభం లేదు, 2560 కాన్వాస్ మీద మళ్లీ మొదలుపెట్టాలి. డిజైనర్ సరిగ్గానే చేసినా, వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే కొలతలూ నాణ్యతా తగ్గి వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. వచ్చాక ఫైల్ వివరాల్లో 2560 × 1440 అని ఉందో లేదో చూసుకోండి. ప్రివ్యూను స్క్రీన్‌షాట్ తీసి ఎక్కించడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి.

బొమ్మంతా బాగుండి ఎర్ర అక్షరాల అంచులు మాత్రమే అలికినట్టుంటే కారణం వేరు. జేపీజీ సాధారణంగా వెలుగు వివరాలను ఉంచి రంగు వివరాలను తగ్గిస్తుంది. ముదురు నేపథ్యం మీది ఎరుపుకు ఆ దెబ్బ ముందు తగులుతుంది. అక్షరాలు తెలుపో పసుపో చేసి, చుట్టూ ముదురు గీత 6-8 పిక్సెల్స్ ఇవ్వండి. ఎరుపు తప్పదంటే దాని చుట్టూ తెల్ల గీత వేసి పీఎన్‌జీగా ఎక్కించండి.

రంగులు వెలిసిపోయాయి, లేదా మరీ గాఢంగా మారాయి

ప్రింటింగ్ పని చేసేవాళ్లు అలవాటుగా సీఎంవైకే మోడ్‌లో, అంటే ముద్రణ సిరాల లెక్కలో చేస్తారు. తెరకు కావాల్సింది ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల లెక్క అయిన ఆర్‌జీబీ, అందులోనూ ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్. ఫోటోషాప్‌లో ఇమేజ్, మోడ్‌లో మార్చి చూసుకుని సేవ్ చేయండి. ఇంకోటి: తెల్ల నేపథ్యం లైట్ థీమ్‌లోనూ, నల్లది డార్క్ థీమ్‌లోనూ పేజీలో కలిసిపోతుంది. రెండు థీమ్‌లలోనూ అంచు తెలిసే రంగు ఎంచుకోండి.

ఎక్కడం లేదు, ఎక్కినా పాతదే కనిపిస్తోంది

ఫైల్ 6 ఎంబీ దాటకూడదు. ఫోటో ఉన్న పీఎన్‌జీ తేలిగ్గా దాటేస్తుంది. జేపీజీ నాణ్యత 85-90 పెట్టి సేవ్ చేస్తే సరిపోతుంది, కంటికి తేడా తెలియదు.

కంప్యూటర్‌లో యూట్యూబ్ స్టూడియో తెరిచి, కస్టమైజేషన్‌లో బ్యానర్ ఇమేజ్ దగ్గర అప్‌లోడ్ చేయండి. టీవీలో ఎంత, డెస్క్‌టాప్‌లో ఎంత, అన్నిటిలో ఎంత కనిపిస్తుందో గీతలతో చూపించే కోత తెర వస్తుంది. బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9 అయితే చట్రం దాని మీద సరిగ్గా కూర్చుంటుంది. కూర్చోలేదంటే కొలత తప్పింది, అక్కడే లాగి సర్దడం కన్నా వెనక్కి వెళ్లి కాన్వాస్ సరిచేయడం మేలు. ‘డన్’ నొక్కగానే పని అయిపోయిందనుకుంటారు. పై మూలలో ‘పబ్లిష్’ నొక్కాలి.

అది కూడా నొక్కాక పాతదే వస్తుంటే బ్రౌజర్ దాచుకున్న కాపీ అయివుంటుంది. ఇన్‌కాగ్నిటో విండోలో ఛానల్ తెరిచి చూడండి. అక్కడ కొత్తది ఉంటే మీవైపు పని పూర్తయినట్టే, ఫోన్ యాప్, టీవీ యాప్ కాస్త ఆలస్యంగా అందుకుంటాయి. ఆ కంగారులో మళ్లీ మళ్లీ అప్‌లోడ్ చేయకండి, చివరికి ఏ కాపీ చూస్తున్నారో మీకే తెలియదు.

పాత పాఠాల్లో ‘కింద కుడి మూల సోషల్ లింకుల కోసం ఖాళీ వదలండి’ అని ఉంటుంది. 2023 ఆగస్టులో ఆ లింకులు బ్యానర్ మీంచి దిగి సబ్‌స్క్రైబ్ బటన్ దగ్గరికి వెళ్లాయి. ఆ మూల ఇప్పుడు మీదే.