వేసవిలో అజొల్లా ఎర్రబడితే: తల్లి విత్తనం ఎంపికలో లోపాలు, సవరణలు

వరంగల్, నర్సంపేట, పరకాల ప్రాంతాల్లో కొట్టం పక్కనే అజొల్లా (నీటిపై తేలుతూ పెరిగే, పశువులకు మేతగా పెట్టే చిన్న ఫెర్న్ మొక్క) గుంత పెట్టుకున్న పాడి రైతులు పచ్చిమేత కరువయ్యే ఏప్రిల్, మే నెలల్లోనే దానిని పోగొట్టుకోవడం నన్ను నిజంగా బాధిస్తుంది. ఎండబెట్టిన అజొల్లాలో 25 నుంచి 30 శాతం మాంసకృత్తులు ఉంటాయి.

సమస్య: ఆకులు ఎర్రబడి, పెరుగుదల నిలిచిపోయింది.

ఒక మొక్కను చేతిలోకి తీసుకుని దాని వేర్లు చూడండి. ఆకులు చిన్నవై, వేర్లు మామూలు కంటే బాగా పొడవుగా సాగి ఉంటే అది భాస్వరం లోపం. 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల గుంతకు 5 రోజులకొకసారి కిలో పేడ, 20 గ్రాముల సూపర్ ఫాస్ఫేటు నీటిలో కలిపి పోయాలి. వేర్లు పొట్టిగానే ఉండి ఎరుపు మాత్రమే కనిపిస్తే ఎండే కారణం. నా మొదటి గుంతలో ఈ తేడా గమనించక వారాల తరబడి ఫాస్ఫేటు పోస్తూ వచ్చాను. పైన నీడవల కట్టిన తరువాతే అది పచ్చబడింది.

సమస్య: నీడ, భాస్వరం రెండూ అందినా వేసవికి నిలవడం లేదు.

ఇక్కడ కారణం చాలావరకు రకమే. మన వరి మడుల్లో సహజంగా పెరిగే పిన్నేటా అనే అజొల్లా రకం ఆకులు త్రికోణాకారంలో విడివిడిగా ఉంటాయి. మైక్రోఫిల్లా దానికంటే ఒత్తుగా పెరిగి, వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది. చలి ప్రాంతాలకు అనువైన ఫిలిక్యులాయిడెస్ మన ఎండలకు పనికిరాదు. అయితే పేరును నమ్మి తల్లి విత్తనం (గుంతలో మొదట వదిలే బతికున్న అజొల్లా మొక్కలు) తెచ్చుకోవడం కంటే మీ నీటిలో, మీ నీడలో పరీక్షించడం మేలని నా అభిప్రాయం. ఒకే కొలత గల రెండు తొట్లలో ఒకే మట్టి, పేడ, నీరు వేసి, ఒక్కో రకాన్ని నీరు ఓడ్చి 100 గ్రాముల చొప్పున వదిలి, 10 రోజుల తరువాత మళ్లీ అదే విధంగా ఓడ్చి తూచాలి. ఈ పరీక్షను మే నెలలోనే చేయాలి, ఎందుకంటే చలికాలంలో గెలిచిన రకం ఎండకు ఓడిపోవచ్చు. బరువుతో పాటు ఆకు రంగును, పశువు ఇష్టంగా తింటున్నదా అన్నదానిని కూడా చూడాలి.

సమస్య: మంచి రకమే అయినా దిగుబడి తగ్గుతోంది.

మొక్కలు ఒకదానిపై ఒకటి పేరుకుంటే కింది పొర కుళ్లుతుంది కాబట్టి, నిండిన గుంత నుంచి రోజూ అర కిలో వరకు తీయాలి. ఆకులు గూడులా చుట్టుకుని ఉంటే లోపల పురుగు ఉన్నట్టే. పురుగుమందు కొట్టిన అజొల్లాను పశువులకు పెట్టకూడదు. గుంత ఖాళీ చేసి, శుభ్రమైన విత్తనంతో మళ్లీ మొదలుపెట్టాలి. అందుకే ఎంపిక చేసుకున్న రకాన్ని కొంత, చెట్టు నీడన వేరే తొట్టిలో ఎప్పుడూ ఉంచుకోవాలి.