సిమ్యులేటర్‌లో రేడియో దారి – 4వ పాఠం: ముల్లు తిరగబడితే

ఒక వీఓఆర్ (విమానాలకి దిక్కు చెప్పే రేడియో స్టేషన్) దాటి ఇంకో వీఓఆర్‌కి మారడం ఈసారి చెప్పాల్సింది. చెబుతాను గానీ, చివర్లో. పోయినసారి అభ్యాసంలో చాలామంది మొదటి స్టేషనే చేరలేదు. వీఓఆర్ గడియారంలో (విమానంలో ఉండే గుండ్రటి సూచికలో) ముల్లు ఎటు చూపిస్తే అటు తిప్పారు, తిప్పేకొద్దీ అది ఇంకా పక్కకి జరిగి అంచుకి అంటుకుపోయింది. ముందు ఆ సంగతి తేలాలి.

ఫ్రీక్వెన్సీ పెట్టడం, మోర్స్ గుర్తు (స్టేషన్ చుక్కా గీతల శబ్దంతో పంపే తన పేరు) వినడం మళ్ళీ చెప్పను. ముల్లు అసలు కదలనే లేదంటే రెండే అనుమానాలు. ఫ్రీక్వెన్సీ వాడకంలోకి రాకుండా స్టాండ్‌బైలోనే ఉండిపోయి ఉండాలి, లేదా ముల్లుని నావ్ 1 (మొదటి దారి రేడియో) బదులు జీపీఎస్ నడుపుతూ ఉండాలి. గార్మిన్ తెరలున్న విమానాల్లో సీడీఐ బటన్ నొక్కితే మారుతుంది.

ఇక అసలు ఉచ్చు. వీఓఆర్ గడియారానికి మీ ముక్కు ఎటుందో తెలియదు. దానికి తెలిసినవి రెండే: మీరు ఏ రేడియల్ (స్టేషన్ నుంచి బయటికి పోయే దిక్కు గీత) మీద ఉన్నారు, ఓబీఎస్ నాబ్‌తో ఏ కోర్సు (పోవాల్సిన దిక్కు) పెట్టారు. విమానాన్ని ఉన్నచోటే గుండ్రంగా తిప్పినా ముల్లు దాదాపు కదలదు.

స్టేషన్ మీకు సరిగ్గా ఉత్తరాన ఉందనుకోండి. ఓబీఎస్ 360లో పెడితే ముల్లు మధ్యకొస్తుంది, గడియారంలోని చిన్న జెండా టూ (స్టేషన్ వైపు) అంటుంది. 180లో పెట్టినా మధ్యకే వస్తుంది, కాకపోతే జెండా ఫ్రమ్ (స్టేషన్ నుంచి) అంటుంది. పొరపాటంతా ఇక్కడే: ముల్లు మధ్యలో ఉంది కదా అని జెండా చూడకుండా 180లోనే వదిలేసి, 360 హెడింగ్‌తో (ముక్కు ఉత్తరానికి పెట్టి) బయల్దేరతారు. గాలి మిమ్మల్ని తూర్పుకి నెట్టింది. మీరు పోవాల్సిన గీత మీకు ఎడమ పక్కన ఉంది. గడియారం మాత్రం మీరు దక్షిణానికి వెళ్తున్నట్టే లెక్కేసి ముల్లుని కుడికి తోస్తుంది. మీరు కుడికి తిప్పుతారు, ఇంకా తూర్పుకి పోతారు, ముల్లు ఇంకా కుడికి పోతుంది. చుక్కకి 2 డిగ్రీల చొప్పున 5 చుక్కలు, అంటే 10 డిగ్రీలు దాటగానే అంచుకి అంటుకుంటుంది. ఆ తర్వాత ఎంత దూరం తప్పారో కూడా అది చెప్పలేదు.

కాబట్టి ముల్లు కంటే ముందు అంకె చూడండి. గడియారం పైభాగాన ఉన్న కోర్సుకీ మీ హెడింగ్‌కీ తేడా 90 డిగ్రీలు దాటితే ముల్లు తిరగబడినట్టే. కోర్సు 040, హెడింగ్ 060: నమ్మండి. కోర్సు 220, హెడింగ్ 060: నమ్మకండి, నాబ్ తిప్పి 040కి తెచ్చుకోండి. స్టేషన్‌కి వెళ్తుంటే టూ, వదిలి వెళ్తుంటే ఫ్రమ్ కనబడాలి. హెచ్ఎస్ఐ (దిక్సూచీ వీఓఆర్ ముల్లూ కలిసిన గడియారం) ఉన్న విమానంలో బాణం కూడా హెడింగ్‌తోపాటు తిరుగుతుంది కాబట్టి ఈ బాధ లేదు. అయినా ముందు పాత గడియారంతోనే నేర్చుకోమంటాను.

దగ్గరికొచ్చాక ముల్లు వెంట పరుగెత్తకండి. 30 నాటికల్ మైళ్ళ దూరంలో ఒక చుక్కంటే ఒక మైలు, 6 మైళ్ళ దూరంలో 0.2 మైలే. చివరి 2 మైళ్ళూ హెడింగ్ పట్టుకుని కూర్చోండి. స్టేషన్ నెత్తిన ముల్లు ఊగుతుంది, జెండా పోయి వస్తుంది, అది మామూలే. డీఎంఈ (స్టేషన్ దూరం చూపే పరికరం) సున్నా చూపించదని కంగారుపడకండి: అది కొలిచేది ఏటవాలు దూరం, స్టేషన్ కంటే 6,000 అడుగుల ఎత్తున నెత్తి మీదుగా పోతుంటే దాదాపు 1.0 చూపిస్తుంది.

జెండా టూ నుంచి ఫ్రమ్‌కి మారగానే కొందరు నాబ్‌ని 180 డిగ్రీలు తిప్పేస్తారు. దయచేసి తిప్పకండి, మళ్ళీ అదే ఉచ్చు. 040తో వచ్చి 070తో వెళ్ళాలంటే ముందు విమానాన్ని 070కి తిప్పండి, తర్వాత ఓబీఎస్ 070 పెట్టండి. గీత పక్కకి ఉంటే 30 డిగ్రీల కోణంలో వెళ్ళి కలవండి.

రెండో స్టేషన్‌ని ముందే నావ్ 2లో పెట్టి ఉంచుకోండి. సగం దారిలో దాని మోర్స్ గుర్తు విని, టూ జెండాతో ముల్లు మధ్యకొచ్చేదాకా నాబ్ తిప్పండి. వచ్చిన అంకే మీ కొత్త కోర్సు. గుర్తు వినబడకపోతే ఎత్తు చాలలేదేమో చూడండి: స్టేషన్ కంటే 1,000 అడుగులు పైనుంటే సుమారు 39 మైళ్ళు, 4,000 అడుగులైతే సుమారు 78 మైళ్ళు అందుతుంది, మధ్యలో కొండ అడ్డం లేకపోతే.

అభ్యాసం: 50 మైళ్ళ ఎడంలో రెండు వీఓఆర్‌లు ఎంచుకోండి. దారికి అడ్డంగా 20 నాట్ల గాలి పెట్టండి. మ్యాపు మూసేయండి, ఆటోపైలట్ వద్దు. 100 నాట్ల వేగంలో గాలివైపు సుమారు 12 డిగ్రీలు ముక్కు తిప్పి ఉంచితే గీత నిలబడుతుంది. స్టేషన్ నెత్తిన తప్ప, మొదటి నుంచి చివరిదాకా ముల్లు రెండు చుక్కలు దాటకూడదు. దాటితే మళ్ళీ మొదటి రన్‌వే నుంచి. కుదిరాక ఓబీఎస్‌ని కావాలనే తలకిందులుగా పెట్టి, తిరగబడ్డ ముల్లుతో అదే దారి ఇంకోసారి ఎగరండి.