కొండవైపు కిటికీకి ఏ మొక్క, దక్షిణపు కిటికీకి ఏ మొక్క

తిరుపతిలో దిక్కులు కనుక్కోవడానికి కొండ చాలు. కొండ ఎటుంటే అటు ఉత్తరం. ఇంట్లో మొక్కలు పెట్టాలనుకుంటే నర్సరీకి పోయే ముందు మీ ఏ కిటికీ కొండవైపు ఉందో చూసుకోండి. అపార్టుమెంట్లు అడ్డమొచ్చి కొండ కనబడకపోయినా దిక్కు మాత్రం మారదు కదా.

కొండవైపు కిటికీ మనీప్లాంట్, ఫిలోడెండ్రాన్, పీస్ లిల్లీ, కలాథియాలకు. ఇవి అడవుల్లో పెద్ద చెట్ల కింద పెరిగే జాతులు. వెలుతురు బాగా కావాలి, ఎండ మాత్రం నేరుగా తగలకూడదు. ఒక చిక్కుంది. మన ఊరు 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు సగం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు. ఆ నెలల్లో పొద్దునా సాయంత్రం ఈ కిటికీలోకి కూడా ఏటవాలుగా ఎండ దిగుతుంది. ‘మొన్నటిదాకా బాగుండిందే, ఆకు మాడిపోయిందేమి’ అనుకునేది అప్పుడే. కుండీలు రెండడుగులు వెనక్కి జరపండి, లేదా పాత తెల్ల పంచె అడ్డం కట్టండి.

ఇక దక్షిణపు కిటికీ. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి ఈ కిటికీలోంచి గదిలో చాలా దూరం ఎండ పరుస్తాడు. కలబంద, జేడ్, అడీనియం ఆ కిటికీకి పెట్టండి. హవోర్తియాకు కొంచెం తక్కువ ఎండైనా ఫర్వాలేదు. ఇవన్నీ సక్యులెంట్లు, అంటే ఆకుల్లో, కాండంలో నీళ్లు దాచుకునే మొక్కలు. సక్యులెంటుకు వెలుతురు చాలకపోతే కాండం సన్నగా సాగి, ఆకుల మధ్య ఎడం పెరుగుతుంది. సాగింది మళ్లీ పొట్టిగా మారదు, పైభాగం కత్తిరించి నాటుకోవాల్సిందే. పడమటి కిటికీలో మే నెలలో నేనేమీ పెట్టను, గాజు ముట్టుకుంటే చేయి చురుక్కుమంటుంది.

స్నేక్ ప్లాంట్, జడ్‌జడ్ (ZZ) ప్లాంట్ చీకట్లోనూ బతుకుతాయని అమ్మేవాళ్లు చెప్తారు. బతుకుతాయి, పెరగవు. పట్టపగలు లైటు వేయకుండా పేపరు చదవలేని మూలలో ఏ మొక్కా పెట్టకండి.

ఇక మట్టి. మన ఎర్రమట్టి ఒక్కటే నింపితే ఎండాక గట్టిపడి, పోసిన నీళ్లు కుండీ అంచు వెంబడి జారిపోతాయి. సక్యులెంట్లకు ఎర్రమట్టి ఒక పాలు, గరుకు ఇసుక ఒక పాలు, చిన్న ఇటుక ముక్కలు ఒక పాలు. ఇసుకను జల్లెడ పట్టి కింద రాలిన సన్నదాన్ని వదిలేయండి, జల్లెడలో మిగిలిందే పనికొస్తుంది. సన్న ఇసుక మట్టితో కలిసి వేర్లకు గాలి ఆడనివ్వదు. నీడ మొక్కలకు కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు, కాస్త ఎర్రమట్టి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండుసార్లు నానబెట్టి పిండి వాడండి. మన జిల్లాల్లో శెనక్కాయ పొట్టుకు కొదవలేదు. కానీ పచ్చిది వేస్తే అది కుళ్లేటప్పుడు మొక్కకు అందాల్సిన నత్రజని లాగేసుకుంటుంది. తడిపి మూట కట్టి, నల్లబడి మెత్తబడ్డాకే కలపండి.

కింది పోర్షన్ పిల్ల అడుగుతా ఉంటుంది, “అక్కా, ఎన్ని రోజులకొకసారి నీళ్లు పోయాల?” రోజుల లెక్క పెట్టుకోవద్దు పాపా, వేలు పెట్టి చూడు అంటాను. నీడ మొక్కలకు పైన ఒక అంగుళం ఆరాక పోయండి, సక్యులెంట్లకు కుండీ అడుగు దాకా ఆరాక. పోసినప్పుడు అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచింది పారబోయండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. ముసురు పట్టినన్నాళ్లూ సక్యులెంట్లకు నీళ్లు మానేయండి, ఎండకంటే ఈ ముసురుకే ఎక్కువ కుళ్లుతాయి. సక్యులెంట్లలో ఎచెవెరియా సంగతి వేరు. మెక్సికో కొండల మొక్క, రాత్రి చల్లబడాలి దానికి. మన మే నెల రాత్రుల్లో అది సొమ్మసిల్లుతుంది. ఎంత ముద్దుగా కనిపించినా మొదటి మొక్కగా కొనొద్దు.

బోరు నీళ్లు పోసే ఇళ్లలో కుండీ అంచుకు తెల్లగా పొక్కు కడుతుంది, కలాథియా ఆకుల కొనలు గోధుమరంగుకు తిరుగుతాయి. అది ఉప్పు. ఏసీ పైపు కింద బకెట్ పెట్టి ఆ నీళ్లు పోయండి, అందులో లవణాలు దాదాపు ఉండవు. ఏసీ లేకపోతే వాననీళ్లు పట్టుకోండి.

ఆకు తొడిమల సందుల్లో దూదిలా తెల్లగా కనిపిస్తే పిండినల్లి. ఆ కుండీని వెంటనే పక్కకు తీసి, సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. తర్వాత లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టండి. వారం తర్వాత మళ్లీ.

పాకే పిల్లలున్న ఇంట్లో మనీప్లాంట్‌ను, పీస్ లిల్లీని చేతికందనివ్వకండి. వీటి ఆకుల్లో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, నమిలితే నోరు మండి వాస్తుంది.