మైకు మధ్యలో ఆగిపోతోందా? నెట్‌వర్క్ హారన్‌ల సమస్య - పరిష్కారం

"సార్, సౌండ్ ఆసుని." ఒడిశాలో పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా ఎక్కడి నుంచి ఫోనొచ్చినా మొదటి మాట ఇదే, సౌండు రావట్లేదని. తెలుగువాళ్లయితే "మైకు పలకట్లేదు బాబూ" అంటారు. రెండింట్లోనూ నాకు పనికొచ్చే ముక్క ఒక్కటీ ఉండదు. అందుకే బండి తీసే ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. ఒక్క హారనేనా, ఒక బిల్డింగులోవన్నీనా, మొత్తమా? అసలు రావట్లేదా, వచ్చి ఆగిపోతోందా?

పాత మైకు సెట్టంటే యాంప్లిఫయరు, రెండు తీగలు, హారన్. ఇప్పుడు బడులు, హాస్టళ్లు, గుళ్లు పెట్టించుకుంటున్నవాటిలో మాట కంప్యూటర్ నెట్‌వర్క్ మీద ప్యాకెట్లుగా పోతుంది. మైకు దగ్గర మాటను పంపే కంప్యూటరు, అదే సర్వర్. మధ్యలో నెట్‌వర్క్ తీగలన్నీ కలిసే పెట్టెలు, వాటినే స్విచ్‌లంటాం, కరెంటు స్విచ్‌లు కావు. చివర ఐపీ హారన్, అంటే నెట్‌వర్క్ తీగకే తగిలించే స్పీకరు. ఒక్కటే మూగబోతే ఆ హారన్‌నో దాని కేబుల్‌నో చూడాలి. బిల్డింగు మొత్తం పోతే ఆ బిల్డింగు స్విచ్, దానికొచ్చే లైను. అన్నీ పోతే సర్వర్, మెయిన్ స్విచ్. వచ్చి ఆగుతోందంటే మాత్రం నిచ్చెన ఎక్కకండి. ముందు గడియారం చూడండి.

బాగానే మొదలై, నాలుగు నిమిషాలకు అన్నీ ఒకేసారి ఆగిపోతాయి

ఒక గుడిలో పొద్దున్నే ప్రకటన ముందు ఒడియాలో, వెంటనే తెలుగులో వస్తుంది. ఒడియా భాగం సుమారు నాలుగు నిమిషాలు. తెలుగు మొదలై రెండు వాక్యాలయ్యేసరికి ప్రాంగణమంతా నిశ్శబ్దం. వారం రోజులు ఇదే వరస. "మన భాష వచ్చేసరికే పీక నొక్కేస్తన్నారు" అని ఓ పెద్దాయన నాతోనే అన్నారు. మైకు గదిలో కుర్రాడు, వాడి ఇంట్లోనూ తెలుగే, "నేనేటీ ముట్టుకోలేదన్నా" అని ఏడుపు మొహం పెట్టాడు.

ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి మూడుసార్లు చూశాను. మూడుసార్లూ నాలుగు నిమిషాల ఇరవై సెకన్ల దగ్గరే ఆగింది. అప్పుడు వరస మార్చి తెలుగు ముందు వేయించాను. ఈసారి ఒడియా గొంతు తెగింది. పెద్దాయన నవ్వేశారు.

260 సెకన్లు అన్న లెక్క కనబడితే కారణం దాదాపు తేలిపోయినట్టే. అన్ని హారన్‌లకూ ఒకే మాటను ఒకేసారి పంపడాన్ని మల్టీకాస్ట్ అంటారు. దండోరా లాంటిది. కానీ ఐజీఎంపీ స్నూపింగ్ (ఏ హారన్ అడిగిందో గమనించే ఏర్పాటు) ఉన్న స్విచ్ ప్రతి వీధిలోనూ డప్పు కొట్టదు, అడిగిన వీధికే పంపుతుంది. అడిగినవాళ్లు ఇంకా వింటున్నారా అని మధ్య మధ్య కేకేసేవాడొకడుండాలి. వాడే క్వెరియర్. మామూలుగా 125 సెకన్లకోసారి అడుగుతాడు. రెండు విడతలు, పైన పది సెకన్లు గడిచినా జవాబు రాకపోతే ఆ వీధికి దండోరా బంద్. క్వెరియరే లేకపోతే? అడిగేవాడు లేడు, జవాబు చెప్పేవాడూ లేడు. స్విచ్ 260 సెకన్లు చూసి పేరు కొట్టేస్తుంది. మళ్లీ మొదలుపెడితే హారన్ మళ్లీ పేరు రాయించుకుంటుంది కాబట్టి రీస్టార్ట్ చేయగానే బాగైనట్టే ఉంటుంది. ఈ రోగం అందర్నీ మోసం చేసేది ఇక్కడే.

ఆ గుడిలో వైశాఖంలో పిడుగు పడి మెయిన్ స్విచ్ పోయింది. కొత్తది పెట్టారు. క్వెరియర్ పని పాతది చేసేదన్న సంగతి ఎవరికీ తెలీదు. కొత్తదాంట్లో స్నూపింగ్ ఆన్‌లో ఉంది, క్వెరియర్ ఆఫ్‌లో ఉంది.

చేయాల్సింది: హారన్‌లు ఉన్న వీలాన్‌లో (స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్ భాగం) మెయిన్ స్విచ్‌కు ఐపీ అడ్రసు ఇచ్చి, దాంట్లో క్వెరియర్ ఆన్ చేయండి. స్నూపింగే తీసేస్తే పోలా అంటారు కొందరు. హారన్‌లు మాత్రమే ఉన్న చిన్న నెట్‌వర్క్‌లో తీసేయొచ్చు. అదే నెట్‌వర్క్‌లో వైఫై కూడా ఉంటే ఆ పని చేయకండి. మల్టీకాస్ట్ అంతా వైఫై మీద పడి, ఆఫీసులో ఇంటర్నెట్ పడకేస్తుంది. బాగు చేశాక ఓ ఇరవై నిమిషాల పాట వేసి, పూర్తయ్యేదాకా అక్కడే కూర్చోండి. నాలుగో నిమిషంలో లేచి టీకి వెళ్లిపోతే మర్నాడు మళ్లీ ఫోనొస్తుంది.

గట్టిగా పలికినప్పుడల్లా ఆగి, నిమిషం తర్వాత తనే వస్తుంది

మెల్లగా మాట్లాడితే బాగానే ఉంటుంది. బెల్లు మోగగానే చస్తుంది, కాసేపటికి లేస్తుంది. ఇది హారన్ రీబూట్ అవడం. ఐపీ హారన్‌కు కరెంటు కూడా నెట్‌వర్క్ కేబుల్లోనే వెళ్తుంది, దాన్నే పీఓఈ అంటాం. మామూలు రకంలో స్విచ్ దగ్గర 15.4 వాట్లు బయల్దేరితే చివరికి 12.95 వాట్లు చేరాలి. ఈ లెక్క మంచి రాగి తీగకు, వంద మీటర్ల లోపుకు.

మన బజార్లో చవగ్గా దొరికే కేబుళ్లలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత. దాంట్లో దారి పొడుగునా వోల్టేజి కారిపోతుంది. గుర్తుపట్టడం తేలికే. తీగను బ్లేడుతో గీరండి, లోపల తెల్లగా మెరిస్తే రాగి కాదు. పెట్టె ఎత్తినా తెలుస్తుంది, రాగి కేబుల్ పెట్టె చెయ్యి లాగుతుంది. ఒక హాస్టల్లో హారన్ మార్చారు, మళ్లీ మార్చారు, మూడోదీ అంతే. ఆ హారన్ దింపి, స్విచ్ పక్కనే రెండు మీటర్ల తీగతో పెట్టి ఫుల్ సౌండిచ్చాను. గంటసేపు మోగినా చలించలేదు. రోగం దారిలో ఉందని తేలిపోయింది.

స్విచ్ మొత్తం సామర్థ్యం కూడా చూడండి. ఎనిమిది పోర్టులుంటాయి గానీ వెనక చీటీ మీద మొత్తం 60 వాట్లే అని రాసుంటుంది. ఎనిమిది హారన్‌లూ ఒకేసారి అరిస్తే ఎక్కడిస్తుంది? రాగి కేబుల్ వేయడం, వంద మీటర్లు దాటితే మధ్యలో ఇంకో స్విచ్ పెట్టడం, పెద్ద సామర్థ్యమున్న స్విచ్ కొనడం. ఈ మూడిట్లో ఏది కావాలో కొలిచి చెప్పాలి, ఊహించి కాదు.

పది గంటల బెల్లు మధ్యాహ్నం మూడున్నరకు మోగుతుంది

తేడా సరిగ్గా ఐదున్నర గంటలుంటే టైమ్ జోన్ పెట్టలేదని అర్థం. సర్వర్ ఇంకా గ్రీనిచ్ టైములోనే ఉంది. సరిచేస్తే చాలు. తేడా ఇష్టమొచ్చినట్టు మారుతుంటే, కరెంటు పోయినప్పుడల్లా గడియారం వెనక్కి పోతోంది. లోపలి బ్యాటరీ మార్చండి, ఇంటర్నెట్ ఉంటే టైమ్ సర్వర్ పెట్టండి. కొండ మీద హాస్టళ్లలో ఇంటర్నెట్‌ను నమ్ముకోలేం కాబట్టి బ్యాటరీయే ముఖ్యం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ మోగకూడదు. అర్ధరాత్రి బెల్లు కొడితే పిల్లలు లేవడమే కాదు, పోలీసులూ వస్తారు.

మాట రెండుసార్లు వినిపిస్తుంది

రెండు హారన్‌లకు సమాన దూరంలో నిలబడండి. అప్పుడు ఒక్కటై వినిపిస్తే అది దూరం వల్ల వచ్చిందే. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లే పోతుంది, 34 మీటర్ల తేడాకు సెకనులో పదో వంతు ఆలస్యం. హారన్ మూతి తిప్పితే తగ్గుతుంది. సమాన దూరంలోనూ రెండుగానే ఉంటే హారన్‌ల బఫర్ సెట్టింగు, అంటే మాటను పలికే ముందు ఎంతసేపు పట్టి ఉంచాలన్న లెక్క, వేరువేరుగా ఉంది. అన్నిట్లో ఒకే అంకె పెట్టండి.

ఒక జోన్ (ఒకే లైను మీది హారన్‌లు) అంతా నీరసంగా, యాంప్లిఫయర్ ప్రొటెక్ట్ లైటు వెలుగుతూ

చాలాచోట్ల నెట్‌వర్క్ బిల్డింగు దాకానే వస్తుంది, అక్కణ్ణుంచి పాత వంద వోల్టుల లైను, దాని మీది ప్రతి హారన్‌కూ ఓ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. జాతరకు తెచ్చిన అరువు హారన్‌ను ఎవరో మంచి మనసుతో ఈ లైనుకు కలిపేస్తారు. దానికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, నేరుగా ఎనిమిది ఓములు. వంద వోల్టుల మీద ఎనిమిది ఓములంటే 1250 వాట్లు అడిగినట్టు. 250 వాట్ల యాంప్లిఫయర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? దాని లైను 40 ఓముల కన్నా తగ్గకూడదు.

ఇది కొలవడానికి ఇంపిడెన్స్ మీటర్ కావాలి, అంటే సౌండు సిగ్నల్‌కు లైను ఇచ్చే అడ్డును కొలిచేది. మామూలు మల్టీమీటర్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల్లోని తీగ నిరోధాన్నే చూపిస్తుంది, మంచి లైను కూడా షార్ట్ లాగే కనిపిస్తుంది. మీటర్ లేకపోతే, యాంప్లిఫయర్ ఆపి, లైనును మధ్యలో విడదీసి, ఒక్కో సగాన్నే కలిపి మళ్లీ ఆన్ చేసి ప్రొటెక్ట్ లైటు చూడండి.

ఇక చిన్నవి. అన్ని హారన్‌లలో గుంయ్ అని హమ్ వస్తే అది మైకు వైపు నుంచే వచ్చింది, ముందు లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. ఒక్క జోన్‌లోనే వస్తే ఆ జోన్ యాంప్లిఫయర్ ఎర్తింగ్. ఒక్క హారన్‌లో మాట ముద్దగా, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంటే లోపల చెయ్యి పెట్టకండి, టార్చి వేసి చూడండి. కందిరీగ మట్టి గూడు కట్టుంటుంది. కిందటి ఏడాది నేను చూపుడు వేలు పెట్టాను. వేలు రెండు రోజులు బెండకాయలా ఉంది.

పిడుగు పడ్డ మర్నాడు

స్విచ్‌లో లైట్లు వెలుగుతున్నాయి కదా అని నమ్మకండి. పిడుగు దెబ్బకు పోర్టు సగం చస్తుంది. డేటా వెళ్తుంది, పవర్ రాదు. లేదా పవర్ వస్తుంది, డేటా వెళ్లదు. ప్రతి పోర్టుకూ పనిచేస్తున్న ఒక హారన్‌ను తెచ్చి తగిలించి చూడాల్సిందే. చచ్చిన పోర్టు మీద ఎర్ర టేపు వేయండి, లేకపోతే నెల తర్వాత మీరే మళ్లీ దాంట్లో తీగ పెడతారు.

బిల్డింగు నుంచి బిల్డింగుకు రాగి తీగ బదులు ఫైబర్ వేయండి, పిడుగు ఆ గాజు తీగలో నడవదు. కానీ బయట వేసే ఫైబర్‌లో ఎలుకల కోసం ఉక్కు తొడుగున్న రకం ఉంటుంది, ఆ ఉక్కులో మాత్రం నడుస్తుంది. గదిలోకి తెచ్చేముందు ఆ తొడుగును గోడ బయటే కోసి ఎర్త్‌కు కలపండి. స్విచ్‌కు తగిలేలా వదిలేస్తే ఫైబర్ వేసీ ఉపయోగం ఉండదు.