పాత పాటను డాన్స్ పాటగా మలచడం ఎలా?

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు బారాత్ కదిలిందంటే డీజే బండి మీద మోగేవాటిలో చాలావరకు ఎవరో ఎప్పుడో పాడిన పాటలే. రోడ్‌షో మిక్స్ అనో, తీన్మార్ మిక్స్ అనో పేరు పెట్టుకుని కొత్తగా వస్తాయి. కొన్ని ఆ ఒక్క పెళ్లిళ్ల సీజన్‌తో పోతాయి, కొన్ని ఏళ్ల తరబడి జనం నోట్లో ఉంటాయి. తేడా సాఫ్ట్‌వేర్‌లో లేదు. ల్యాప్‌టాప్ తెరిచే ముందే ఆ పాట ఎలా నడుస్తుందో తెలుసుకున్నారా లేదా అన్నదాంట్లో ఉంది. సొంతంగా కవర్ పాట చేద్దామనుకునే గాయకుల కోసం, ఇంట్లోనే మ్యూజిక్ చేసుకునే కుర్రాళ్ల కోసం, అమ్మాయిల కోసం ఈ పద్ధతి రాస్తున్నాను.

1. మ్యూజిక్ తీసేసి పాడి చూడండి

మీకు నచ్చిన పాటను చప్పట్లు మాత్రమే కొడుతూ, మొదటి నుంచి చివరిదాకా పాడండి. పల్లవి అప్పుడు కూడా పట్టి లాగితే ఆ పాట పనికొస్తుంది. మీకు నచ్చింది మధ్యలో వచ్చే ఫ్లూట్ బిట్టో, తెర మీద హీరో వేసిన స్టెప్పో అయితే వేరే పాట చూసుకోండి.

దీనికి మంచి ఉదాహరణ ‘టెయింటెడ్ లవ్’. అమెరికన్ గాయని గ్లోరియా జోన్స్ దాన్ని 1964లో రికార్డ్ చేసింది. అప్పుడు అది పెద్దగా ఆడలేదు. 1981లో బ్రిటన్‌కు చెందిన సాఫ్ట్ సెల్ అనే ఇద్దరి బృందం గిటార్లు, బాకాలు, డ్రమ్స్ అన్నీ తీసేసి సింథసైజర్, రిథమ్ మెషీన్‌తో మళ్లీ చేసింది. వేగం కాస్త తగ్గించారు, గాయకుడు మార్క్ ఆల్మండ్ గొంతుకు తగ్గట్టు శృతి దించారు. అది బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. వాయిద్యాలన్నీ మారినా పల్లవి వరస మాత్రం ఎక్కడికీ పోలేదు.

అందరూ ఇప్పటికే మిక్స్ చేసిన హిట్ పాటకంటే సగం మరిచిపోయిన పాటే నయమని నా అభిప్రాయం. మన ఊళ్లలో నాట్ల పాటలు, కోలాటం పాటలు పాడే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. ముందు వాళ్ల దగ్గర కూర్చుని వినండి.

2. పాట ఎవరిదో కనుక్కోండి

ఈ పని చాలామంది చివరికి వదిలేస్తారు. వీడియో పెట్టాక పాట మాదని హక్కుదారుల నుంచి క్లెయిమ్ వస్తే అప్పుడు టెన్షన్ పడతారు.

ఒక పాటలో మూడు హక్కులు ఉంటాయి: సాహిత్యానిది, బాణీది, రికార్డింగ్‌ది. మన చట్టం ప్రకారం సాహిత్యం, బాణీ మీద హక్కు రాసినవాళ్లు, కట్టినవాళ్లు పోయిన తర్వాత కూడా 60 ఏళ్లు ఉంటుంది. రికార్డింగ్ మీద అది విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. మీరే మళ్లీ పాడి, మళ్లీ వాయిస్తే అది కవర్. అసలు రికార్డింగ్ నుంచి గొంతునో బీట్‌నో తీసుకుంటే అది రీమిక్స్, దానికి ఆ ఆడియో కంపెనీ అనుమతి కూడా కావాలి.

‘జానపదమే కదా, ఎవరిదైతే ఏంటి’ అనే మాట మన దగ్గర ఎక్కువ వినిపిస్తుంది. ‘పల్లెటూరి పిల్లగాడా’ను చాలామంది జానపదం అనే అనుకుంటారు. దాన్ని రాసింది పాత నల్గొండ జిల్లా సుద్దాలకు చెందిన సుద్దాల హనుమంతు. ఆయన 1982లో చనిపోయారు. అంటే లెక్క ప్రకారం ఆ సాహిత్యం మీద హక్కు 2042 చివరి వరకు ఉంటుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పుట్టి ఊరూరా తిరిగిన పాటకు కూడా రాసిన మనిషి ఉంటాడు. ఆయన పేరు కిందికి పోకుండా చూడటం మన బాధ్యత.

కాపీరైట్ చట్టంలో 31సీ అనే సెక్షన్ ఉంది. 2012 సవరణతో వచ్చింది. పాట మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు గడిస్తే, 15 రోజుల ముందు నోటీసు ఇచ్చి, రాయల్టీ ముందే కట్టి కవర్ చేయొచ్చని చెబుతుంది. కనీసం 50,000 కాపీలకు రాయల్టీ కట్టాలన్నది మామూలు నిబంధన. ఇంకో షరతు ఏమిటంటే, సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప మాటల్నీ బాణీనీ మార్చకూడదు. డాన్స్ వెర్షన్‌లో మార్పులు ఎలాగూ వస్తాయి కాబట్టి, ఇంట్లో చేసుకునేవాళ్లకు హక్కుదారులకు నేరుగా రాసి అనుమతి తీసుకోవడమే మంచి దారి. అనుమతి కాగితం మీద ఉండాలి, ఫోన్‌లో ‘సరే తమ్మీ’ అంటే సరిపోదు.

3. శృతి మీ గొంతుకు పెట్టుకోండి

ఆడవాళ్లు ఐదు శృతిలో పాడిన పాటను మగవాళ్లు అదే శృతిలో ఎత్తుకుంటే చరణానికి వచ్చేసరికి గొంతు చీలుతుంది. ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుని, పాటలో అన్నిటికంటే పైకి వెళ్లే చోటును ముందు పాడండి. అక్కడ అరవకుండా పాడగలిగిన శృతే మీ శృతి. కింది స్వరాలు వినపడకుండా పోతే ఒక మెట్టు ఎక్కించండి.

4. నడక పట్టుకోండి

అసలు పని ఇక్కడే ఉంది. మన జానపదంలో చాలా పాటలది తిస్ర నడక: తకిట, తకిట అని మూడు మూడుగా పోతుంది. సాఫ్ట్‌వేర్ మామూలుగా నాలుగు నాలుగుగా లెక్కపెడుతుంది. ఈ రెండింటినీ బలవంతంగా కలిపితే పాట తూలుతుంది.

బతుకమ్మ పాటే తీసుకోండి. ముందు పాడే ఆమె ‘ఉయ్యాలో’ అని ‘లో’ను సాగదీస్తుంది. ఆ సాగదీతలోనే చుట్టూ తిరిగేవాళ్లు ఊపిరి తీసుకుని అదే చరణాన్ని అందుకుంటారు. నాలుగు దెబ్బల లూప్‌లో (పదే పదే తిరిగే బీట్ ముక్కలో) పట్టడం లేదని ఆ ‘లో’ను కత్తిరిస్తే కోరస్‌కు ఊపిరి పీల్చుకునే జాగా ఉండదు. వినేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తరుముతున్నట్టు అనిపిస్తుంది. కాబట్టి లూప్‌నే పాటకు తగ్గట్టు పొడిగించండి. ఒక చరణం ఐదు బార్లు (తాళం ఒక చుట్టు తిరిగితే ఒక బార్) వస్తే ఐదే ఉంచండి.

లెక్క ఇలా వేసుకోవచ్చు. డాన్స్ ట్రాక్ మామూలుగా నిమిషానికి 120 నుంచి 128 కిక్‌ల (డ్రమ్స్‌లో ‘ధబ్’మని పడే బరువైన దెబ్బల) మధ్య ఉంటుంది. మీ కోలాటం పాటలో చప్పట్టుకు ఆరు మాత్రలు (తాళంలో సమానమైన చిన్న భాగాలు) ఉండి, నిమిషానికి 62 చప్పట్లు పడుతున్నాయనుకుందాం. కిక్‌ను 124 దగ్గర పెట్టండి. చప్పట్టుకు రెండు కిక్‌లు, కిక్‌కు మూడు మాత్రలు వస్తాయి. పాడే వేగం పిసరంత కూడా మారదు, కాళ్లకు మాత్రం డాన్స్ బీట్ దొరుకుతుంది. ఇప్పుడు గ్రిడ్‌ను (సాఫ్ట్‌వేర్‌లో దెబ్బలు పేర్చే గడులను) ట్రిప్లెట్‌కు, అంటే దెబ్బకు మూడు భాగాలకు మార్చడం మరిచిపోవద్దు. హై-హ్యాట్ (డ్రమ్స్‌లో చిన్న తాళాల జత) పాత అలవాటు కొద్దీ కిక్‌కు నాలుగు కొడుతూ ఉంటే, మూడుగా పోయే గొంతుతో ప్రతి కిక్‌లోనూ గొడవే.

వేగం సరిపోలేదని పాత రికార్డింగ్‌ను సాగదీయడం, కుదించడం వద్దు. కొంచెమైతే తెలియదు గానీ ఎక్కువైతే గొంతు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది. కొత్త వేగంలో మళ్లీ పాడండి.

దుఃఖం ఉన్న పాటలతో ఇంకాస్త జాగ్రత్త. వలస పోయినవాళ్ల మీద పాలమూరులో పుట్టిన పాటలకు డ్రాప్ (అన్నీ ఆపి ఒక్కసారిగా బీట్ దించడం) పెట్టి ఎగిరించడం నాకు ఇష్టం ఉండదు. వాటిని డాన్స్ రిథమ్ మీద చేయొచ్చు, నెమ్మదిగా, మాట వినపడేలా.

5. వాయిద్యాలు తక్కువ పెట్టండి

కిక్, బేస్, ఒక మన వాయిద్యం, గొంతు. మొదటి పాటకు ఇంతే చాలు. డప్పు శాంపిల్ కొనేకంటే ఊళ్లో డప్పు కొట్టే అన్నను పిలిచి, డబ్బులిచ్చి రికార్డ్ చేయండి. డప్పును మంట దగ్గర కాచాక చర్మం బిగుసుకుని గట్టిగా మోగుతుంది. చల్లారేకొద్దీ ధ్వని దిగిపోతుంది. అందుకే మైక్, లెవెల్ ముందే సరిచూసుకుని, కాచిన వెంటనే రికార్డ్ చేయాలి. మైక్‌ను కొంచెం దూరంగా పెడితే డప్పు కొట్టే రెండు కర్రలైన సిర్ర దెబ్బా, సిటికెన పుల్ల దెబ్బా విడివిడిగా వినిపిస్తాయి.

డప్పు, కిక్ ఒకే జాగా కోసం కొట్లాడతాయి. 100 హెర్ట్జ్ కింద ఉండే బాగా మంద్రమైన ధ్వనిని కిక్‌కు వదిలేయండి, డప్పులో ఆ కింది భాగం కోసేయండి. పల్లవి రెండోసారి అయ్యాక అన్నీ ఆపి ఒక్క గొంతును రెండు బార్లు వినిపించి, ఆ తర్వాత బీట్ దించితే జనం తప్పకుండా ఎగురుతారు.

6. గొంతు రికార్డింగ్

రాత్రి పూట, ఫ్యాన్ ఆపి, గోడలకు బొంతలు కట్టి పాడండి. మైక్‌కు జానెడు దూరం. పల్లవిని రెండు మూడుసార్లు పాడి బాగున్నది ఉంచుకోండి. కోరస్‌కు మాత్రం నలుగురిని పిలవండి, మీ గొంతునే నాలుగుసార్లు పెడితే ఆ సందడి రాదు.

7. విని, సరిచేసి, బయటపెట్టండి

హెడ్‌ఫోన్స్‌లో బాగుందని ఆగొద్దు. ఫోన్ స్పీకర్‌లో 100 హెర్ట్జ్ కింది బేస్ దాదాపు వినపడదు, డీజే బాక్సుల్లో అదే గుండెలు అదరగొడుతుంది. రెండు చోట్లా మాటలు అర్థం కావాలి. తెలిసిన ఆటో అన్న బండిలో కూడా ఒకసారి పెట్టించండి.

యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు కవర్ వెర్షన్ అని స్పష్టంగా రాయండి. రచయిత, బాణీ కట్టినవారు, డప్పు కొట్టినవారి పేర్లు పైనే ఉండాలి. 31సీ కింద చేస్తే మునుపటి గాయకుల పేరు గానీ ఫొటో గానీ కవర్ మీద వాడకూడదు. యూట్యూబ్‌లో హక్కులున్న పాటల్ని తనంతట తానే పట్టుకునే కంటెంట్ ఐడీ మీ పాటను గుర్తుపడితే యాడ్స్ డబ్బు హక్కుదారుకు పోవచ్చు, వీడియోనే ఆగిపోవచ్చు. అప్పుడు పనికొచ్చేది మీ దగ్గరున్న అనుమతి కాగితమే.

తర్వాత ఏదైనా బారాత్‌లో డీజే అన్నను అడిగి పెట్టించండి. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్లకు నిషేధం కాబట్టి ముందుగానే. మీరు ఎగరకుండా పక్కన నిలబడి కాళ్లు చూడండి. ఏ చోట కాళ్లు ఆగాయో రాసుకుని, మర్నాడు ఆ నాలుగు బార్లే సవరించండి.