పాలకూర అమ్మకానికి వేస్తే: విత్తనం నుంచి కొన్నవాళ్ల ఫ్రిజ్ దాకా

పాలకూర అమ్మకానికి పండిద్దామనుకుంటున్నాను, ఎలా మొదలుపెట్టాలి అని అడిగినవాళ్లను నేను ముందు నేల గురించి అడగను. కొనేది ఎవరు, ఏ రూపంలో కావాలంటున్నారు అని అడుగుతాను. పేరు ఒకటే గానీ ఇవి మూడు వేరు వేరు పంటలనుకోండి. లేత ఆకు కోసి, కడిగి, సంచుల్లో పోసి అమ్మేది ఒకటి. వేరుతో సహా పీకి కట్టలు కట్టేది ఇంకొకటి. ఫ్రీజింగ్ ఫ్యాక్టరీకి టన్నుల్లో తోలేది మూడోది. విత్తనం రకం, సాళ్ల మధ్య ఎడం, కోత ఎన్నో రోజున, కత్తితోనా మెషీన్‌తోనా, అన్నీ దాన్నిబట్టే ఉంటాయి. మొలక వచ్చాక మనసు మార్చుకుంటానంటే కుదరదు.

విత్తనం ప్యాకెట్ మీద శాస్త్రీయ నామం ఒకసారి చదవండి. స్పినేసియా ఒలెరేసియా అని ఉంటే అసలు స్పినాచ్. బీటా వల్గారిస్ అని ఉంటే అది బీట్‌రూట్‌కి చుట్టం. తెలుగులో రెండింటినీ పాలకూర అనే అంటాం, ఆకూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది, కానీ రెండోది ఎండకు బాగా ఓర్చుకుంటుంది, కోసినకొద్దీ చిగురిస్తుంది. నేను ఇక్కడ చెప్పేదంతా మొదటిదాని గురించే, దానికి వేడి అస్సలు పడదు.

దానికి నచ్చేది 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం. నేల వేడి 30 డిగ్రీలు దాటితే సగం విత్తనం మొలవదు, మొలిచింది కూడా నీరసంగా ఉంటుంది. ఇక పగలు 14 గంటలు దాటి, దానికి ఎండ వేడి కూడా తోడైతే మొక్క మధ్యలోంచి కాడ లేస్తుంది, ఆకులు సన్నగా మొన తేలి చేదెక్కుతాయి. కాడ లేచిన మడికి నీళ్లు పెట్టినా ఎరువు వేసినా దండగే. అందుకే చేనంతా ఒకేసారి చల్లకుండా విడతలుగా వేస్తాం. క్యాలెండర్ చూసి ప్రతి పది రోజులకీ వేద్దామనుకుంటారు చాలామంది, నేనూ అలాగే మొదలుపెట్టాను. చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో పది రోజుల తేడాతో వేసిన రెండు మడులు దాదాపు ఒకేసారి కోతకొచ్చి కూర్చున్నాయి. ఇప్పుడు ముందు విడత మొక్కలు గింజాకుల తర్వాత రెండు అసలు ఆకులు వేశాకే తర్వాతది వేస్తున్నాను.

నేల సంగతి. నీరు నిలవకూడదు, పీహెచ్ 6.5 నుంచి 7 మధ్య ఉంటే మంచిది. 6 కంటే తగ్గిందంటే ఆకు పాలిపోయి ఎదుగుదల ఆగిపోతుంది, కాబట్టి విత్తడానికి చాలా ముందే సున్నం వేసి సరిచేసుకోవాలి. మట్టి పరీక్ష చేయించేటప్పుడు కాడ్మియం అనే విష లోహం కూడా ఉందేమో చూడమనండి. ఈ మొక్క నేలలో ఆ లోహం ఉంటే లాగేసుకుంటుంది, ఆకు చూస్తే ఏమీ తెలియదు. లేత ఆకు కోసమైతే సుమారు 2 మీటర్ల వెడల్పు బెడ్ల మీద చాలా దగ్గరగా విత్తుతారు. మెషీన్ కోత పెట్టుకునే పెద్ద పొలాల్లో ఎకరానికి 35 నుంచి 40 లక్షల గింజలు పడతాయి. కట్టలకైతే అందులో కొంత వంతే చాలు. లోతు సెంటీమీటరు, మహా అయితే సెంటీమీటరున్నర. బెడ్ పైభాగం మాత్రం బల్ల పరిచినట్టు ఉండాలి. మెషీన్ బ్లేడు నేలకు కొన్ని సెంటీమీటర్ల ఎత్తులో నడుస్తుంది, నిమ్మకాయంత గడ్డ ఒక్కటి లేచి ఉన్నా మట్టీ ఆకూ కలిసి క్రేట్‌లోకి వస్తాయి. కలుపు కూడా అంతే, చేతికోతలో ఏరి పారేయొచ్చు, మెషీన్‌కి ఏది ఆకో ఏది కలుపో తెలియదు కదా.

తెగుళ్లలో అన్నిటికంటే టెన్షన్ పెట్టేది బూజు తెగులు, ఇంగ్లీషులో డౌనీ మిల్‌డ్యూ అనేది. పైనుంచి చూస్తే లేత పసుపు మచ్చ, అంతే. పొద్దున్నే మంచు తడి ఆరకముందే మడిలో మోకాళ్ల మీద కూర్చుని ఆ ఆకు తిరగేసి చూడండి, అడుగున బూడిద రంగులో, కొంచెం ఊదా కలిసినట్టు, బొగ్గు పొడి అద్దినట్టు నూగు కనబడుతుంది. అది కనబడిన మడి పక్క మడుల్లోకి కూడా అప్పటికే పాకి ఉంటుంది. తట్టుకునే రకాలు అమ్ముతారు, వాడండి, కానీ ఒకే రకం మీద ఏళ్ల తరబడి ఆధారపడకండి. ఈ తెగులు తెచ్చే క్రిమి రూపం మార్చుకుంటూ పోతుంది, ఇప్పటికే దానిలో 15కు పైగా రూపాలు గుర్తించారు, నిన్న తట్టుకున్న రకం రేపు పడిపోవచ్చు. దీనికి చల్లదనం, ఆకు మీద తడి కావాలి. మొలక వచ్చేదాకా స్ప్రింక్లర్ పెట్టినా, తర్వాత డ్రిప్‌కి మారగలిగితే మారండి. కుదరకపోతే పొద్దుటిపూటే తడపండి, చీకటి పడేలోగా ఆకు ఆరిపోవాలి. పేనుబంక, ఆకు తొలిచే పురుగు, మొలక దశలో నారుకుళ్లు కూడా వస్తాయి. ఇవి మిగతా ఆకుకూరలు పండించినవాళ్లకు కొత్తేమీ కాదు. మందు కొట్టాల్సి వస్తే కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో డబ్బా మీద చదివాకే కొట్టండి, ఇది నెల రోజుల పంట, గడువు దాటేలోపే కోత వచ్చేస్తుంది.

యూరియా విషయంలో చెయ్యి ఆగదు మనకి. ముదురాకుపచ్చగా ఉంటే తప్ప ఎవరూ కొనరని దఫాలు దఫాలుగా వేస్తాం. కానీ నత్రజని ఎక్కువైతే ఆకులో నైట్రేట్ పేరుకుంటుంది, మబ్బు పట్టి వెలుతురు తక్కువున్న రోజుల్లో మరీ ఎక్కువ. యూరోపియన్ యూనియన్‌లో తాజా పాలకూరకు కిలోకి 3500 మిల్లీగ్రాముల పరిమితి ఉంది, దాటితే సరుకు అమ్మడానికి లేదు. పైగా అలా బలిసిన ఆకు మెత్తగా ఉండి కడిగేటప్పుడే చిరిగిపోతుంది. పచ్చి పశువుల ఎరువు మాత్రం ఈ పంట మీద వద్దే వద్దు, పూర్తిగా చివికిన కంపోస్టయితే సరే. 2006లో అమెరికాలో సంచుల్లో అమ్మిన పాలకూర తిని దాదాపు 200 మంది ఈ.కోలై ఓ157 అనే బ్యాక్టీరియా బారిన పడ్డారు, ముగ్గురు చనిపోయారు. జాడ వెతుక్కుంటూ పోతే కాలిఫోర్నియాలో ఒక పొలం దాకా వెళ్లింది, ఆ చుట్టుపక్కల పశువుల పేడలోనూ అడవి పందుల్లోనూ అదే క్రిమి దొరికింది. పచ్చిగా తినే ఆకు కాబట్టి వండితే చస్తుందిలే అనుకోవడానికి లేదు. కంచె, తడిపే నీటికి పరీక్ష, కోసేవాళ్లు చేతులు కడుక్కోవడానికి సబ్బూ నీళ్లూ, ఇవి ఎరువుతో సమానంగా ఖర్చులో రాసుకోండి.

ఇక కోత. లేత ఆకు వాతావరణాన్నిబట్టి 25 నుంచి 40 రోజులకు వస్తుంది, కట్టలకు ఇంకొన్నాళ్లు. తెల్లవారుజామునే కోయండి, ఆకు చల్లగా ఉంటుంది. నిజానికి మధ్యాహ్నం కోసిన ఆకులో నైట్రేట్ తక్కువుంటుంది, కానీ ఆ వేడిని తర్వాత దింపడానికి పడే పాట్లు చూశాక నేను పొద్దుటి కోతకే ఓటేస్తాను.

నా మొదటి ఏడాది మంచి పంట వచ్చింది, తొమ్మిదింటికల్లా కోత అయిపోయింది, వ్యాన్ ఆలస్యమైంది. చెట్టు నీడలో క్రేట్లు పేర్చి పైన టార్పాలిన్ కప్పి, పెద్ద జాగ్రత్త చేశాననుకున్నాను. పన్నెండింటికి మధ్య క్రేట్‌లో చెయ్యి పెడితే జ్వరం వచ్చినవాడి నుదురులా కాలుతోంది! కోసిన తర్వాత కూడా ఆకు ఊపిరి తీస్తూనే ఉంటుంది, పాలకూర అయితే మరీ జోరుగా, ఆ వేడి బయటికి పోయే దారి లేకుండా టార్పాలిన్‌తో నేనే మూసేశాను. చూడటానికి ఆకు బాగానే ఉంది, కొన్నాయన తీసుకున్నాడు కూడా. నాలుగో రోజుకి సగం పసుపు, కొంత జిగురు. మొత్తం వెనక్కి వచ్చింది.

అప్పటినుంచి క్రేట్లు సగానికే నింపుతాను, మధ్యలో థర్మామీటర్ గుచ్చుతాను, వీలైతే గంటలోపు చల్లబరిచే చోటికి చేరుస్తాను. సున్నా డిగ్రీలు, 95 శాతానికి పైన తేమ ఉంటే ఈ ఆకు 10 నుంచి 14 రోజులు నిలుస్తుంది. అయితే మామూలు కోల్డ్ రూమ్‌లో పెట్టేసి చల్లబడుతుందిలే అనుకోకండి, పేర్చిన క్రేట్ల మధ్యకు చలి వెళ్లడానికి చాలా గంటలు పడుతుంది. పెద్ద సంస్థలు వాక్యూమ్ కూలర్ వాడతాయి. గాలి పీడనం తగ్గిస్తే ఆకులో నీరు కొంత ఆవిరై వేడిని పట్టుకుపోతుంది, ప్రతి 6 డిగ్రీలకూ ఒక శాతం బరువు తగ్గుతుంది, అందుకే ముందు కొంచెం నీళ్లు చిలకరిస్తారు. అంత పెట్టుబడి లేకపోతే చల్లటి శుభ్రమైన నీళ్లలో ముంచడం, లేదా ఫ్యాన్‌తో చలిగాలిని క్రేట్లలోంచి లాగించడం. కట్టలకైతే పైన ఐసు వేసినా పనవుతుంది.

కడగడం గురించి చాలామందికి ఒక భ్రమ ఉంటుంది, మూడుసార్లు కడిగితే క్రిములన్నీ పోతాయని. పోవు. ఆకుకు అంటుకున్నవి కొన్ని అలాగే ఉండిపోతాయి. నీళ్లలో క్లోరిన్ కలిపేది ముఖ్యంగా ఒక క్రేట్‌లో మురికి అదే తొట్టి ద్వారా మిగతా వంద క్రేట్లకు పాకకుండా ఉండటానికి. మట్టి కలిసేకొద్దీ క్లోరిన్ ఖర్చయిపోతుంది కాబట్టి పొద్దున కలిపి మర్చిపోతే కాదు, కడుగుతున్నంతసేపూ కొలుస్తూ ఉండాలి. కడిగాక తిప్పి ఆరబెట్టేటప్పుడు స్పీడు ఎక్కువైతే ఆకు నలుగుతుంది, తక్కువైతే సంచిలో తడి మిగిలి కుళ్లుతుంది. ఇది మీ మెషీన్‌తో మీరే నాలుగు రోజులు తిప్పి పట్టుకోవాల్సిన లెక్క. సంచి మీద ఏ మడి, ఏ తేదీ కోత అన్నది తెలిసేలా నంబరు వేయండి, ఫిర్యాదు వచ్చిన రోజు ఒక్క మడి సరుకుతో సరిపోతుంది, లేదంటే వారం సరుకంతా వెనక్కి పిలవాలి.

రవాణాలోనూ దుకాణంలోనూ ఆపిల్, అరటి లాంటి పండ్ల పక్కన పెట్టనివ్వొద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలిన్ అనే వాయువుకి ఆకు పసుపెక్కుతుంది. కొన్నవాళ్లకు సంచి మీద రెండు ముక్కలు రాస్తే చాలు: ఫ్రిజ్‌లో పెట్టండి, తీశాక త్వరగా వాడేయండి. ఆకులో 90 శాతానికి పైగా నీరే, వండితే గిన్నెడు ఆకు గుప్పెడవుతుంది, మోసపోయామని ఫోన్ చేసినవాళ్లు కూడా ఉన్నారు!

ప్రతి కోత నుంచీ ఒక సంచి నా ఫ్రిజ్‌లో దాచుకుంటాను. దాని మీద వేసిన చివరి తేదీన తెరిచి వాసన చూస్తాను, అడుగున మూలల్లో తడి మచ్చలున్నాయేమో వేలితో తడిమి చూస్తాను. ఉంటే నోట్‌బుక్ తీసి ఆ రోజు క్రేట్ మధ్యలో థర్మామీటర్ ఎంత చూపించిందో వెతుకుతాను, చాలాసార్లు ఆ పేజీలో అంకె ఎక్కువే ఉంటుంది, లేదా ఆ రోజు ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేసి ఉంటాను.